తోర్తీయా అంటే గుడ్డట్టా, మొక్కజొన్న రొట్టెనా? ఎక్కడ ఏది?

గోదారిగట్టు
ఒకే మాటకు పుస్తకం ఒకటి చెబుతోంది, యాప్ ఇంకోటి చెబుతోంది. నేను హైదరాబాద్‌లో స్పానిష్ నేర్చుకుంటున్నాను. మా క్లాసు పుస్తకం స్పెయిన్‌లో అచ్చయింది. తిండి పాఠంలో "తోర్తీయా" కింద బంగాళాదుంపలు వేసిన మందపాటి గుడ్డట్టు బొమ్మ ఉంది. ఫోన్లో యాప్ తెరిస్తే అదే మాటకు పల్చటి రొట్టె బొమ్మ. మొన్న టెస్టులో మా బ్యాచ్ అమ్మాయి "తోర్తీయాలతో బీన్స్ తిన్నాను" అని రాస్తే టీచర్ అడ్డంగా కొట్టేశారు. ఆ అమ్మాయి రాసింది నిజంగా తప్పేనా? ఆఫీసు వాళ్లు నన్ను మెక్సికోలోని గ్వాదలహారాకు పంపిస్తున్నారు కాబట్టి నాకు ఇది మార్కుల గొడవ మాత్రమే కాదు. డిక్షనరీలో రెండూ ఉన్నాయి అని మాత్రం చెప్పకండి, అది నేనూ చూశాను. ఎప్పుడు ఏదో ఎలా పోల్చుకోవాలి?

డల్లాస్_శీను
రొట్టెనే. ఇక్కడ ఏ షాపుకు వెళ్లినా ప్యాకెట్లు ప్యాకెట్లు ఉంటాయి. గుడ్డట్టు అన్నవాళ్లు నాకైతే తగల్లేదు.

ఓరుగల్లు_పిల్ల
శీనన్నా, ఒకసారి సముద్రం దాటి ఇటు రా. నేను బార్సిలోనాలో చదువుతున్న. ఇక్కడ ఏ బార్‌లకు పోయినా కౌంటర్ మీద అద్దాల పెట్టెలో గుండ్రంగా, కేకంత మందం ఉన్న తోర్తీయా ఉంటది. ఒక ముక్క కోసి రొట్టె ముక్కతో ఇస్తరు. దాన్ని "పిన్చో దె తోర్తీయా" అంటరు. అదే రెండు బ్రెడ్డు ముక్కల మధ్య పెడితే "బొకదీయో దె తోర్తీయా". స్టూడెంట్లకు అదే టిఫిన్, అదే భోజనం. "లా కలియెంతో?" అని అడిగితే వేడి చేయాల్నా అని. "సీ" అంటే చాలు.

డల్లాస్_శీను
మరి అక్కడ రొట్టెను ఏమంటారు?

ఓరుగల్లు_పిల్ల
సూపర్ మార్కెట్ల ఆ ప్యాకెట్ల మీద కూడ తోర్తీయాలు అనే ఉంటది. కానీ పక్కన "దె ట్రీగో" (గోధుమవి) అనో "మెహికానాస్" అనో రాసి ఉంటది. ఉత్తగ తోర్తీయా అంటే మాత్రం గుడ్డే.

మెక్సికో_మూర్తి
గోదారిగట్టు గారూ, మీరు వచ్చేది మా ఊరికే కాబట్టి నేను చెబుతాను. ఇక్కడ తోర్తీయా అంటే మొక్కజొన్న రొట్టె, అంతే. గుడ్లతో చేసిందాన్ని "ఓమ్‌లెట్" అంటారు, లేకపోతే చిదిమి వేయించినదైతే "వేవోస్ రెవుయెల్తోస్". స్పెయిన్ వాళ్ల వంటకం కావాలంటే "తోర్తీయా ఎస్పన్యోలా" అని పూర్తిగా చెప్పాలి.

వీధికో తోర్తియేరీయా ఉంటుంది. లోపల మెషిన్ గరగరమంటూ తిరుగుతుంటుంది, గొలుసు మీద వరసగా రొట్టెలు కాలుతూ బయటికి వస్తుంటాయి. మధ్యాహ్నం రెండింటికి ముందు క్యూ ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ అసలు భోజనం అప్పుడే. అమ్మేది కిలోల లెక్కన. "మె దా మేదియో కీలో దె తోర్తీయాస్, పోర్ ఫవోర్" అంటే అరకిలో. కాగితంలో చుట్టి ఇస్తారు. చాలామంది ఇంటి నుంచి గుడ్డ తెచ్చుకుంటారు, వేడి పోకుండా అందులో కట్టుకుని పోతారు. చిన్నపిల్ల వెంట ఉంటే అమ్మే ఆవిడ ఒక వేడి రొట్టె తీసి, ఉప్పు చల్లి, చుట్ట చుట్టి పిల్ల చేతిలో పెడుతుంది. దానికి డబ్బులు అడగరు.

హోటల్లో మిమ్మల్ని తప్పకుండా అడిగే ప్రశ్న: "దె మయీస్ ఓ దె అరీనా?" అంటే మొక్కజొన్నవా, గోధుమపిండివా అని. ఆ రెండు మాటలూ ఇప్పుడే కంఠతా పట్టేయండి.

పదకోశం
రెండింటికీ మూలం ఒకటే. "తోర్తా" అంటే గుండ్రంగా చదునుగా ఉండే రొట్టెలాంటిది. దానికి "-ఈయా" చేర్చితే చిన్నది అని అర్థం. చిన్న తోర్తా, తోర్తీయా. స్పెయిన్‌లో ఆ పేరు పెనం మీద గుండ్రంగా పోసిన గుడ్డుకు స్థిరపడింది. 1519లో స్పెయిన్ సేనాని కొర్తేస్ మనుషులు మెక్సికోలో దిగినప్పుడు అక్కడి జనం తినే రొట్టె గుండ్రంగా చదునుగా కనిపించింది, తమకు తెలిసిన పేరే పెట్టేశారు. అక్కడివాళ్ల నావాత్ల్ భాషలో దాని పేరు "త్లష్కల్లి". త్లస్కాలా అనే రాష్ట్రం పేరు కూడా ఆ రొట్టె మాటకు చుట్టమే అంటారు.

ఇక ఏది ముందు నేర్చుకోవాలి అంటే, స్పానిష్ రాయల్ అకాడమీ నిఘంటువులో మొదటి అర్థం గుడ్డట్టే. మొక్కజొన్న రొట్టె రెండోది, అది కూడా మధ్య అమెరికా, యాంటిలీస్, మెక్సికో అని ప్రాంతం పేర్లు పెట్టి ఇచ్చారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి అర్థంతో మొదలుపెట్టడం పద్ధతి.

మెక్సికో_మూర్తి
ఆ పద్ధతి నేను ఒప్పుకోను. 2020 జనగణనలో మెక్సికో జనాభా 12.6 కోట్లు. స్పెయిన్‌లో ఐదు కోట్లు కూడా లేరు. పైన గ్వాతెమాలా, హొందూరాస్, ఎల్ సాల్వదోర్, నికరాగువా, అమెరికాలో ఉన్న మెక్సికన్లు. ఇంతమంది రోజుకు మూడు పూటలా వాడే అర్థాన్ని ప్రాంతీయం అని పక్కన పెట్టడం ఏమిటండీ?

పదకోశం
మూర్తి గారూ, తల లెక్క వేస్తే మెక్సికో గెలుస్తుంది, సరే. దేశాల లెక్క వేయండి. కొలంబియా, వెనెజువెలా, పెరూ, అర్జెంటీనా, ఉరుగ్వే, క్యూబా, అన్నింటా తోర్తీయా అంటే గుడ్డట్టే. కొలంబియా, వెనెజువెలాల్లో మొక్కజొన్న రొట్టెలు ఉన్నాయి, కానీ వాటి పేరు అరేపా. లాటిన్ అమెరికా అంటే మెక్సికో ఒక్కటే కాదు కదా.

కాకినాడ_కాజా
ఇది ఆంధ్రా పప్పు, తెలంగాణ పప్పు గొడవలా ముదిరేట్టుంది. నేను పాప్‌కార్న్ తెచ్చుకుంటా. అదీ మొక్కజొన్నే.

వేగుచుక్క
నేను స్పానిష్ చెబుతాను. నిఘంటువులో ముందు వచ్చిన అర్థం గొప్పది, వెనక వచ్చింది తక్కువది అని విద్యార్థులు అనుకోకూడదు. గోదారిగట్టు గారి అసలు ప్రశ్న ఎలా పోల్చుకోవాలి అని. దానికి మంచి ఆనవాలు ఉంది, వ్యాకరణంలోనే.

మెక్సికో అర్థంలో ఈ మాట ఎక్కువగా బహువచనంలో వస్తుంది. తోర్తీయాస్. ఒక్కటి తిని లేచేవాళ్లు ఉండరు. కిలో, అరకిలో, డజను దాని పక్కన ఉంటాయి. స్పెయిన్ అర్థంలో ఎక్కువగా ఏకవచనం. ఉనా తోర్తీయా అంటే పెనమంత ఒకటి, నలుగురు పంచుకుంటారు. దాని పక్కన ముక్క, ప్లేటు, గుడ్ల సంఖ్య ఉంటాయి.

రెండో ఆనవాలు క్రియ. గుడ్డట్టు "అసేర్" చేస్తారు, గుడ్లు "బతీర్" గిలకొడతారు, అట్టు "కువాహార్" గట్టిపడుతుంది. మొక్కజొన్న రొట్టెలు చేయడాన్ని మెక్సికోలో "ఎచార్ తోర్తీయాస్" అంటారు, తిన్నప్పుడల్లా "కలెంతార్" వేడి చేస్తారు.

మూడోది ఇరుగుపొరుగు మాటలు. బంగాళాదుంప "పతాతా" అయితే మీరు స్పెయిన్‌లో ఉన్నారు, "పాపా" అయితే చాలావరకు అమెరికా ఖండంలో ఉన్నారు. మీ స్నేహితురాలు బీన్స్‌కు ఏ మాట రాసింది? "ఫ్రిహోలెస్" అయితే ఆ వాక్యం మెక్సికో వాక్యం. "కొమీ ఫ్రిహోలెస్ కోన్ తోర్తీయాస్". నూటికి నూరుపాళ్లు సరైనది. అక్కడి పల్లెల్లో తరతరాల భోజనమే అది. మార్కు కొట్టేయడం అన్యాయం.

గోదారిగట్టు
ఫ్రిహోలెస్ అనే రాసింది! ఈ మూడు ఆనవాళ్లూ చూసుకుంటే చాలు అన్నమాట. లింగం ఎప్పుడూ స్త్రీలింగమేనా?

వేగుచుక్క
అవును, రెండు అర్థాలకూ "లా తోర్తీయా". తోర్తా స్త్రీలింగం, పిల్ల కూడా తల్లి లింగమే తీసుకుంది. దేలే అనే స్పానిష్ భాషా పరీక్ష రాసే ఆలోచన ఉంటే భయపడకండి, దాన్ని నడిపే సెర్వాంతెస్ సంస్థ ఏ దేశపు ప్రామాణిక స్పానిష్ అయినా ఒప్పుకుంటుంది. మాద్రిద్ స్పానిషే రాయాలని నియమం లేదు.

డల్లాస్_శీను
పలకడం సంగతి కూడా చెప్పండి. మా ఆఫీసులో సగం మంది "టార్టిల్లా" అంటారు.

వేగుచుక్క
తెలుగువాళ్లకు ఇందులో పుట్టుకతో వచ్చిన లాభం ఉంది. స్పానిష్ "త" మన "త" లాంటిదే, నాలుక పళ్లకు తగలాలి. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్లే "ట" అంటారు. రెండు ఎల్‌లు కలిసి వస్తే "య". నొక్కు మధ్య అక్షరం మీద, తోర్‌-తీ-యా. చివరి "యా" మరీ సాగదీయకూడదు. తెలుగు లిపిలో రాసుకుని చదివితేనే ఇంగ్లీషు లిపిలో చదివినదానికన్నా దగ్గరగా వస్తుంది.

పదకోశం
అర్జెంటీనా రాజధాని బ్వేనోస్ ఆయిరెస్ వెళ్తే ఆ "య" కాస్తా "ష" అవుతుంది. తోర్తీషా. అక్కడ "తోర్తీషా దె పాపాస్" బాగా తింటారు, స్పెయిన్ నుంచి వలస వెళ్లినవాళ్లు పట్టుకెళ్లిన వంటకం.

శాకాహారి_సుబ్బు
గుడ్డు కూడా తినని మాలాంటివాళ్ల గతేమిటి? స్పెయిన్‌లో "సోయ్ వెహెతరియానో" అంటే తోర్తీయా పెడతారని విన్నాను.

ఓరుగల్లు_పిల్ల
నిజమే అన్నా. ఇక్కడ శాకాహారి అంటే మాంసం, చేప తినరనే లెక్క. గుడ్డు, పాలు ఉంటయి. "సిన్ వేవో" అని విడిగా చెప్పాలె. లేకుంటే శాకాహారం మెనూల మొదటిది తోర్తీయానే ఉంటది.

మెక్సికో_మూర్తి
సుబ్బు గారూ, మెక్సికోలో ఇంకో జాగ్రత్త. మొక్కజొన్న తోర్తీయాలో మొక్కజొన్న, నీళ్లు, సున్నం, అంతే. కళ్లు మూసుకుని తినొచ్చు. కానీ గోధుమపిండి తోర్తీయాల్లో చాలాచోట్ల "మంతేకా" కలుపుతారు. ఇక్కడ మంతేకా అంటే పంది కొవ్వు. బీన్స్ వేయించేటప్పుడు కూడా వేస్తారు. "యేవా మంతేకా?" అని అడగండి, అంటే మంతేకా ఉందా అని. నూనెతో చేసినవి కూడా దొరుకుతాయి, అడిగితే చెబుతారు.

పదకోశం
అర్జెంటీనాలో మంతేకా అంటే వెన్న! అక్కడ అదే ప్రశ్న అడిగితే వెన్న ఉందా అన్నట్టు. మెక్సికోలో, స్పెయిన్‌లో వెన్నను "మంతెకీయా" అంటారు, అదే "-ఈయా" మళ్లీ.

శాకాహారి_సుబ్బు
సున్నమా? తాంబూలంలో వేసే సున్నమేనా?

మెక్సికో_మూర్తి
అదే సున్నం. దీన్ని కాస్త వివరంగా చెప్పనివ్వండి, తోర్తీయా అనే మాటలో సగం ఇదే. రాయల్ అకాడమీ నిఘంటువు కూడా ఆ రెండో అర్థంలో సున్నపు నీళ్లు, పెనం రెండింటినీ వదలకుండా చెప్పింది.

ఎండిన మొక్కజొన్న గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా అలాగే వదిలేస్తారు. పొద్దున చేత్తో రుద్దితే పైపొట్టు జారిపోతుంది. బాగా కడిగి రుబ్బుతారు. ఉడికిన గింజల్ని "నిస్తమాల్" అంటారు, రుబ్బిన ముద్దను "మాసా". పూర్వం రుబ్బడం "మెతాతే" అనే వాలు రాతి మీద. ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని గంటలకొద్దీ నూరేవాళ్లు, మరలు వచ్చాక ఆ చాకిరీ తప్పింది. పెనాన్ని "కొమాల్" అంటారు. నిస్తమాల్, మెతాతే, కొమాల్ మూడూ నావాత్ల్ మాటలే. రొట్టె పేరు మాత్రమే స్పానిష్, దాని చుట్టూ ఉన్న సామానంతా పాత పేర్లతోనే ఉంది. సరిగ్గా కాలిన తోర్తీయా రెండోసారి తిప్పగానే పుల్కాలా ఉబ్బుతుంది. ఉబ్బింది అంటే మాసా బాగా కుదిరినట్టు.

జొన్నరొట్టె
సున్నం ఎందుకో నేను చెబుతాను, నాది పోషకాహారం చదువు. మొక్కజొన్నలో నయాసిన్ అనే బి విటమిన్ ఉంటుంది కానీ ఒంటికి పట్టని రూపంలో చిక్కుకుని ఉంటుంది. సున్నపు నీళ్లలో ఉడికిస్తే అది విడుదలవుతుంది. కాల్షియం అదనం. మెక్సికోలో వేల ఏళ్లుగా మొక్కజొన్నే తిని బతికారంటే ఇదే కారణం.

యూరప్ వాళ్లు మొక్కజొన్న పట్టుకెళ్లారు, సున్నం పద్ధతి పట్టుకెళ్లలేదు. దాంతో ఉత్తర ఇటలీలో, తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పేదవాళ్లకు పెలాగ్రా వచ్చింది. చర్మం పగిలి నల్లబడడం, విరేచనాలు, మతి తప్పడం, చివరికి చావు. తిండి లోపమే కారణమని గోల్డ్‌బర్గర్ అనే డాక్టర్ 1910ల్లో అమెరికాలో నిరూపించాడు.

మనకూ దీనితో సంబంధం ఉంది. జొన్న తప్ప వేరే తిండి లేని తెలంగాణ పేదల్లో పెలాగ్రా ఉండేది. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ ఉండడం దానికి కారణం కావచ్చని గోపాలన్, ఆయన సహచరుడు 1960లో రాశారు. గోపాలన్ గారు అప్పుడు మన హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధన సంస్థలో ఉన్నారు, ఇవాళ దాన్నే జాతీయ పోషకాహార సంస్థ అంటున్నాం. ఇవాళ జొన్నరొట్టెతో పప్పు, కూర, పెరుగు తినేవాళ్లకు ఆ భయం లేదు.

ఓరుగల్లు_పిల్ల
మా నాయనమ్మ జొన్నరొట్టె చేతుల మీదనే తట్టేది. మెక్సికోల కూడ చేత్తోనే తడతరా మూర్తి గారు?

మెక్సికో_మూర్తి
పల్లెల్లో చేత్తోనే. పట్నంలో ఇళ్లలో చెక్కదో ఇనుపదో నొక్కే పలక ఉంటుంది. చేత్తో తట్టడాన్ని "తోర్తెయార్" అంటారు, ఆ చప్పుడు పక్కింటికి వినిపిస్తుంది. తోర్తీయాలు చేసే ఆవిడ "తోర్తియేరా".

వేగుచుక్క
ఇక్కడ గట్టి హెచ్చరిక. తోర్తియేరా మెక్సికో వంటింట్లో మామూలు మాటే, కానీ స్పెయిన్‌లోనూ ఇంకా చాలా దేశాల్లోనూ అది ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లను కించపరిచే తిట్టు. మెక్సికోలో కూడా అలా వాడేవాళ్లున్నారు. అందుకని వంట సందర్భం లేనిచోట ఆ మాట నోట రానివ్వకండి.

గోదారిగట్టు
ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు! రాసిపెట్టుకున్నాను. ఇంకో సందేహం. మెక్సికోలో "తోర్తా" అడిగితే పెద్ద తోర్తీయా ఇస్తారా?

మెక్సికో_మూర్తి
ఇవ్వరు. మెక్సికోలో తోర్తా అంటే బన్నులాంటి బ్రెడ్డుతో చేసిన శాండ్‌విచ్. గ్వాదలహారాకు పేరు తెచ్చిందే "తోర్తా అఓగాదా". అఓగాదా అంటే మునిగిపోయినది. బిరోతే అనే గట్టి బ్రెడ్డులో పంది మాంసం కూరి, టమాటా, మిరపకాయల పులుసులో ముంచుతారు. మన కారం తిన్న నాలుకకు కూడా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మాంసం వద్దనుకుంటే బీన్స్‌తో చేసిచ్చేచోట్లు ఉన్నాయి, మంతేకా సంగతి అడిగి తినండి.

పదకోశం
తోర్తా కుటుంబం పెద్దది. అర్జెంటీనా, చిలీ, వెనెజువెలాల్లో తోర్తా అంటే పుట్టినరోజు కేకు. మెక్సికోలో కేకు "పస్తేల్". స్పెయిన్‌లో తోర్తా అంటే గుండ్రటి తీపి రొట్టె, ఇంకో అర్థం చెంపదెబ్బ. "తె దోయ్ ఉనా తోర్తా" అని స్పెయిన్ అమ్మ అంటే ఒకటి పీకుతానని.

కాకినాడ_కాజా
మా అమ్మ కూడా "రెండు ఇస్తా" అంటుంది. అది కాజా అనుకుని చెయ్యి చాపితే అంతే.

ఓరుగల్లు_పిల్ల
ఇక్కడ "నో ఎన్తియెందో ని తోర్తా" కూడ అంటరు. ఒక్క ముక్క కూడ అర్థం కాలే అని. క్లాసుల రోజూ పనికొచ్చే వాక్యం.

వేగుచుక్క
ఒక సామెత చూడండి. స్పెయిన్‌లో "ఆ ఫాల్తా దె పాన్, బ్వేనాస్ సోన్ తోర్తాస్". మంచి రొట్టె లేనప్పుడు తోర్తాలే పదివేలు. మెక్సికో వాళ్లు దాన్ని "ఆ ఫాల్తా దె పాన్, తోర్తీయాస్" అని తమ వంటింటి మాటతో మార్చుకున్నారు. మనం "చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం" అంటాం కదా, దాదాపు ఆ ధోరణి, కాకపోతే వాళ్లది సర్దుకుపోయే గొంతు.

మెక్సికో_మూర్తి
ఆ సామెత ఇక్కడ రోజూ వింటాను కానీ నాకు కొంచెం బాధగానే ఉంటుంది, తోర్తీయా ఏదో రెండో రకం తిండి అన్నట్టు. నిజానికి ఈ దేశంలో తోర్తీయా ధర పెరిగితే ప్రభుత్వాలే కదులుతాయి. 2007 జనవరిలో మొక్కజొన్న ధర ఒక్కసారిగా పెరిగి జనం వీధుల్లోకి వచ్చారు. అధ్యక్షుడు కల్దెరోన్ వ్యాపారులతో ఒప్పందం చేసుకుని కిలో ఎనిమిదిన్నర పేసోలు దాటకుండా ఉంచుతామని ప్రకటించాల్సి వచ్చింది. "సిన్ మయీస్ నో అయ్ పయీస్" అన్న నినాదం కూడా ఆ ఏడాదే ఊపందుకుంది. మొక్కజొన్న లేనిదే దేశం లేదు అని. మయీస్, పయీస్ ప్రాస చూశారా?

డల్లాస్_శీను
మరి కెసాదీయా? అది కూడా తోర్తీయానే కదా, చీజ్ పెట్టి మడిచింది?

మెక్సికో_మూర్తి
మెక్సికో సిటీలో చీజ్ లేకుండానే కెసాదీయా అమ్ముతారు. చీజ్ కావాలంటే "కోన్ కేసో" అని చెప్పాలి. మిగతా దేశమంతా దీనిమీద వాళ్లతో పోట్లాడుతూనే ఉంటుంది.

కాకినాడ_కాజా
పులిహోరలో పులి ఉందా అని మనం ఎవరినైనా అడిగామా?

శాకాహారి_సుబ్బు
కాజా, ఆ పులి "పులుపు"లోని పులి. ఉంది, నిండా ఉంది.

ఓరుగల్లు_పిల్ల
స్పెయిన్ల అంతకన్నా పెద్ద లొల్లి ఉంది. తోర్తీయాల ఉల్లిగడ్డ ఎయ్యాల్నా వద్దా. "కోన్ సెబోయా" వాళ్లు, "సిన్ సెబోయా" వాళ్లు. పేర్లు కూడ పెట్టుకున్నరు, కొన్‌సెబొయీస్తాస్, సిన్‌సెబొయీస్తాస్ అని. ఆర్డర్ ఇచ్చేటప్పుడు వెయిటర్ కూడ అడుగుతడు. నాకైతే ఉల్లిగడ్డదే ఇష్టం, తియ్యగ ఉంటది. గలీసియాల బెతాన్సోస్ అనే ఊరి తోర్తీయాల మాత్రం ఉల్లిగడ్డ ఉండదు, లోపల గుడ్డు కారుతుంటది. మా రూమ్మేట్ అక్కడిదే. కోసినప్పుడు ప్లేట్ల పారుతది, దాన్ని రొట్టెతో అద్దుకుని తింటది. నాకు సయించలే.

చేసుడు చూస్తే ఓపిక కావాలె. ఆలుగడ్డను పల్చగ కోసి, బాగ ఆలివ్ నూనె పోసి సన్నమంట మీద మెత్తగ అయ్యేదాక ఉంచుతరు. ఎర్రగ కావొద్దు. నూనె వడగట్టి, గిలకొట్టిన గుడ్లల్ల కలిపి కాసేపు పక్కన పెడతరు. అప్పుడు పెనం మీద పోస్తరు. అడుగు గట్టిపడంగనే పెనం మీద ప్లేటు బోర్లించి, ఒక్కసారి తిప్పేసి మళ్ల పెనంలకు జారుస్తరు.

వేగుచుక్క
ఆ తిప్పడంలోంచే జాతీయం పుట్టింది. "దార్ లా బ్వెల్తా ఆ లా తోర్తీయా", పరిస్థితిని తలకిందులు చేయడం. రెండు గోల్స్ వెనకబడిన జట్టు చివరికి గెలిస్తే మర్నాడు పేపర్లో ఇదే మాట. మెక్సికోలో "సె వొల్తెయో లా తోర్తీయా" అంటారు. రొట్టెనూ తిప్పుతారు, అట్టునూ తిప్పుతారు కాబట్టి ఈ జాతీయం అటూ ఇటూ రెండుచోట్లా అర్థమవుతుంది.

జొన్నరొట్టె
బంగాళాదుంప పెరూ ప్రాంతం నుంచి స్పెయిన్‌కు వచ్చింది కదా. మరి ఈ అట్టు ఎప్పటిది?

పదకోశం
1817లో నవార్రా ప్రాంతపు సభకు పేరు లేని ఒక విన్నపం వెళ్లింది. అందులో రైతుల కష్టాలు చెబుతూ, రెండు మూడు గుడ్లతో ఐదారుగురికి తోర్తీయా చేస్తారని, బంగాళాదుంపలు, రొట్టె పొడి కలిపి దాన్ని మందంగా చేస్తారని ఉంది. గుడ్లు సరిపోని ఇంట్లో పుట్టిన వంట అది. అంతకన్నా పాత ఆధారాలున్నాయని వాదించేవాళ్లూ ఉన్నారు.

ఏమీ కలపని ఉత్త గుడ్డట్టును స్పెయిన్‌లో "తోర్తీయా ఫ్రాన్సేసా" అంటారు, ఫ్రెంచి తోర్తీయా. మన ఇంట్లో వేసే ఆమ్లెట్‌కు దగ్గరిది ఇదే. జ్వరం వచ్చినవాళ్లకు రాత్రిపూట ఇదే పెడతారు. పుస్తకంలో బొమ్మ కింద ఉత్త "తోర్తీయా" అని కాకుండా "తోర్తీయా దె పతాతాస్" అని వేసి ఉంటే ఈ చర్చే అవసరం లేకపోయేది.

శాకాహారి_సుబ్బు
గుడ్డు లేకుండా స్పెయిన్‌లో ఏ తోర్తీయా లేదా?

ఓరుగల్లు_పిల్ల
కాదిస్‌ల "తోర్తియీతాస్ దె కమరోనెస్" ఉంటయి. శనగపిండి, గోధుమపిండి జారుగ కలిపి నూనెల వేస్తరు, కరకరలాడుతయి. గుడ్డు ఉండదు. కానీ కమరోనెస్ అంటే చిన్న రొయ్యలు సుబ్బన్నా, సారీ.

పదకోశం
చిలీలో "తోర్తీయా దె రెస్కోల్దో" ఉంది, గోధుమపిండి ముద్దను వేడి బూడిదలో పూడ్చి కాల్చే రొట్టె. గుడ్డు అక్కర్లేదు. కొవ్వు ఏది వాడారో మాత్రం అడగాలి. ఇది మూడో అర్థం, గోదారిగట్టు గారూ.

గోదారిగట్టు
మూడోది కూడానా! సరే, నేను నోట్స్‌లో ఒక్క మాటగా రాసుకోవడం మానేశాను. దె మయీస్, దె అరీనా, దె పతాతాస్, ఫ్రాన్సేసా, ఎస్పన్యోలా అని తోకతో సహా రాసుకున్నాను, పక్కన దేశం పేరు. రేపు మా టీచర్‌కు ఫ్రిహోలెస్ సంగతి కూడా చెబుతాను. మూర్తి గారూ, వెళ్లేలోగా ఇంట్లో తోర్తీయాలు చేసి చూద్దామనుకుంటున్నా. ఇక్కడి మొక్కజొన్న పిండి పనికొస్తుందా?

మెక్సికో_మూర్తి
మామూలు పిండి పనికిరాదమ్మా. సున్నంలో ఉడకని పిండి ముద్దకు జిగి ఉండదు, పల్చగా నొక్కగానే అంచులు చీలిపోతాయి. "మాసా అరీనా" అని అడగండి, నిస్తమాల్‌ను ఎండబెట్టి ఆడించిన పిండి అది. పెద్ద ఊళ్లలో దిగుమతి సరుకులు అమ్మే షాపుల్లో, ఆన్‌లైన్‌లో వెతకండి. గోరువెచ్చని నీళ్లతో కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట ఉంచండి.

జొన్నరొట్టె
దొరక్కపోతే ఇంట్లోనే చేయొచ్చు. కిలో ఎండు గింజలకు పది గ్రాముల తినే సున్నం పొడి. గోడలకు వేసేది కాదు, వంటకు పనికొచ్చేదని రాసి ఉన్నదే తీసుకోండి. గింజలు మునిగి పైన నాలుగు వేళ్ల నీళ్లు ఉండాలి. అల్యూమినియం గిన్నె వద్దు, సున్నం దాన్ని తినేస్తుంది, స్టీలు గిన్నె పెట్టండి. గోరుతో గీస్తే పొట్టు ఊడేదాకా ఉడికించి, దించి రాత్రంతా వదిలేయండి. పొద్దున మూడు నాలుగు నీళ్లు కడిగి, వెట్ గ్రైండర్‌లో నీళ్లు చిలకరిస్తూ గట్టిగా రుబ్బుకోండి. మన దగ్గర పాప్‌కార్న్ గింజలు కాకుండా పెద్ద గింజలైతే బాగా వస్తాయి, కాకపోతే తినడానికి శుభ్రం చేసి అమ్మినవే కొనండి.

గోదారిగట్టు
ఆదివారం మొదలుపెడతాను. నొక్కే పలక లేదు, రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య పెట్టి గిన్నె అడుగుతో నొక్కితే వస్తుందా?

మెక్సికో_మూర్తి
వస్తుంది. ఇక్కడా పలక లేనివాళ్లు అలాగే చేస్తారు. ముద్ద నిమ్మకాయంత చాలు. పెనం బాగా కాలాక వేయండి, నూనె వద్దు.